మా వరండాలో పుట్టిన వాక్యం

"రాయ్‌పూర్‌లో స్థిరపడిన ఆంధ్ర రైల్వే కుటుంబాలు స్థానిక సమాజ ప్రభావం వల్ల ఒక్క తరంలోనే మేనరికాన్ని పూర్తిగా విడిచిపెట్టాయి."

ఈ వాక్యం నేను మొదటిసారి చదివింది ఎనభైల మొదట్లో, మా కాలేజీ లైబ్రరీలో. అప్పుడు సోషియాలజీ ఎమ్మే రెండో ఏడులో ఉన్నాను. నల్ల అట్టతో లావుపాటి హిందీ పుస్తకం. చదివి పకపకా నవ్వేశాను. లైబ్రేరియన్ కళ్లద్దాల మీంచి ఉరిమి చూశాడు. నవ్వక ఏం చెయ్యను? రైల్వేలో పని దొరికి రాయ్‌పూర్ వచ్చింది మా తాత. ఆయన కొడుకు మా నాన్న, ఇక్కడే పుట్టి ఇక్కడే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరయ్యాడు. ఆ నాన్న చేసుకున్నది ఎవర్ని? విజయనగరం వైపు ఇచ్చిన సొంత అక్క కూతుర్ని. అంటే మా అమ్మకి మా నాన్న మేనమామ. మా అమ్మమ్మకి ఆయన అల్లుడు కాకముందే తమ్ముడు. పుస్తకం లెక్కన ఈ పెళ్లి జరగనే లేదు. ఆ జరగని పెళ్లికి పుట్టిన నేను మా పేట గుఢియారీ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి ఆ పుస్తకం చదువుతున్నాను.

నవ్వు అయిపోయాక కోపం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, పోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఈ కోపం ఇంకా పోలేదు.

మేనరికమంటే ఏమిటో తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ మా వీధిలో మా చుట్టూ ఉన్న హిందీ ఇళ్లలో మామ అంటే తండ్రి తర్వాత తండ్రి. మామ మేనకోడల్ని పెళ్లాడాడంటే చెవులు మూసుకుంటారు. నాన్నకి పెళ్లయిన కొత్తలో షాపులో ఎవరో ఈ సంగతి విని నలుగురి ముందూ "ఛీ" అన్నాడట. ఆ ఛీ మా నాన్న జన్మలో మర్చిపోలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. తలుపు లోపల ఒక చుట్టరికం, తలుపు బయట ఇంకో చుట్టరికం.

అమ్మ లోపల నాన్నని "మావా" అంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అలాగే పిలిచింది, పెళ్లయితే మాత్రం ఎలా మారుతుంది? పక్కింటి చాచీ గుమ్మంలోకి వస్తే మాత్రం ఏమండీ అన్నట్టు "సునియే జీ" అయిపోతుంది. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు చూడాలి తమాషా. నాన్న అప్పటిదాకా ఆవిడ పక్కన చతికిలబడి "అక్కా, ఆ నువ్వులుండ ఇలగియ్యి" అని అడుక్కు తింటుంటాడు. చాచీ చెప్పుల చప్పుడు వినిపించగానే లేచి నిలబడి, ముఖం అంతా అల్లుడి ముఖం చేసుకుని, "మాజీ, చాయ్ లీజియే" అంటాడు, అమ్మగారూ టీ తీసుకోండి అని. అమ్మమ్మకి ఒళ్లు మండిపోయేది.

"ఓరి నీ మొకం మండ! సంకనెత్తుకు తిప్పినాను రా నిన్ను. ఇప్పుడు నాను నీకు మాజీనేట్రా?"

చాచీకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. అత్తగారు ఏదో ఆశీర్వదిస్తోందనుకుని ఆవిడ కూడా తలాడించేది. మాకు నవ్వు ఆగక పెరట్లోకి పరిగెత్తేవాళ్లం. నాకు ఎక్కాలకంటే ముందు నేర్పింది ఇదే, బడిలో ఎవరైనా అడిగితే అమ్మమ్మ వేరు, మేనత్త వేరు అని చెప్పాలని. మా ఒక్క ఇంట్లోనే కాదు, మా వీధి వరసలో ఉన్న తెలుగిళ్లన్నిట్లోనూ ఇదే నాటకం. ఎవరి ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో మాకు మాకు తెలుసు. బయటికి పొక్కనివ్వం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎమ్మే రెండో ఏట ఒక పరిశోధన వ్యాసం రాయాలి. దానికి ఒక గైడు ఉంటారు. మా గైడు మా శాఖలో అందరికంటే పెద్దాయన. శంకర్ నగర్‌లో మేడ, గదినిండా పుస్తకాలు, మాట్లాడితే కాలేజీలో గోడలు కూడా వింటున్నట్టుండేది. ఆయన నన్ను చూసి, "నువ్వు తెలుగమ్మాయివి కదా, మీవాళ్ల పెళ్లి ఆచారాల మీద రాయి, నీకు సులువు" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. ముందు ఇప్పటిదాకా వచ్చిన పుస్తకాలన్నీ చదవమన్నారు. మొదట చదవమన్నది ఆ నల్ల అట్ట పుస్తకమే. రాసింది ఆయనే.

నవ్వు దిగమింగుకుని మర్నాడు ఆయన గదికెళ్లాను.

"సార్, ఈ వాక్యం సరి కాదేమో."

"ఎందుకని?"

ఎందుకని అంటే ఏం చెప్పను? మా ఇంటి చట్టం నోటికి అడ్డం పడింది. "చూశాను సార్" అన్నాను.

ఆయన నవ్వారు. కోప్పడి ఉంటే బాగుండేది. "చూడటం వేరు, ఆధారం వేరు. నా ఒక్క పుస్తకమే కాదు, నాలుగైదు చోట్ల ఇదే మాట ఉంది. వెళ్లి వెతుకు. ఇంతమంది పండితులు ఒకే మాట అంటే దానికి బరువుంటుందని తెలుస్తుంది" అన్నారు.

వెళ్లి వెతికాను. కార్డుల సొరుగులు లాగి లాగి నా వేళ్లకి దుమ్ము పట్టింది. నిజంగానే దొరికాయి. ఒక పత్రికలో వ్యాసం, ఒక పీహెచ్‌డీ గ్రంథం, ఒక ప్రభుత్వ పుస్తకం, ఇంగ్లీషులో ఇంకోటి. అన్నిట్లోనూ అదే మాట. ఇంతమంది అబద్ధమాడతారా, మా ఇల్లే ఎక్కడో తేడాగా ఉందేమో అని కూడా అనిపించింది. అచ్చులో కనబడే మాటకి ఆ బలముంది. నా తల్లిదండ్రుల్ని నేనే ఒక్క క్షణం అనుమానించాను.

తర్వాత అడుగున చిన్నక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు చదవడం మొదలుపెట్టాను. అప్పటిదాకా వాటిని ఎవరూ చదవరనుకునేదాన్ని. ఇంగ్లీషు పుస్తకం ఆ మాటని ప్రభుత్వ పుస్తకం నుంచి తీసుకుంది. ప్రభుత్వ పుస్తకం పీహెచ్‌డీ గ్రంథం నుంచి. ఆ గ్రంథం పత్రిక వ్యాసం నుంచి. వ్యాసం రాసినాయన నల్ల పుస్తకం నుంచి. మధ్యలో ఒక్కరైనా గుఢియారీ వచ్చిన పాపాన పోలేదు. ఇంతమంది సాక్షులని గైడు గారు మురిసిపోయారు గానీ అక్కడ ఉన్నది ఒకే సాక్షి. చొక్కా మార్చుకుని మళ్లీ మళ్లీ బోనెక్కాడు.

సరే, ఆ ఒక్క సాక్షికైనా ఎలా తెలిసిందని నల్ల పుస్తకం చివరికి వెళ్లాను. అక్కడ సమాచారం ఎలా సేకరించారో చెప్పారు. గుఢియారీలో ఇంటింటికీ వెళ్లారట. వీధి పెద్దమనుషుల సమక్షంలో అడిగారట. హిందీలో అడిగారట. ఇంటి యజమానిని అడిగారట. జవాబులన్నీ ఒకేలా ఉండటమే వాటి నిజాయితీకి రుజువట.

అది చదువుతుంటే నాకు ఒక ఆదివారం గుర్తొచ్చింది.

అప్పుడు నేను నాలుగో క్లాసో అయిదో క్లాసో. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. పక్కింటి చాచా, అంటే చాచీ భర్త, మా వీధికి పెద్ద దిక్కు, ఇద్దరు చదువుకున్నవాళ్లని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతుల్లో ఫైళ్లు, మెడలో కెమెరా ఒకరికి. మా ఇంట్లో కుర్చీలు లేక చాచీ వాళ్లింట్లోంచే రెండు తెచ్చి వరండాలో వేశాం. చాచా మంచం మీద కూర్చున్నాడు. చాచీ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మా వీధిలో ఎవరింటికి ఎవరొచ్చినా ఆవిడ అలాగే నిలబడేది, ఆవిడ తప్పేం లేదు. నాన్న ఎంతమందున్నారు, ఎప్పుడొచ్చారు, ఏ జిల్లా అన్నీ చెప్పాడు. అప్పుడు వాళ్లలో ఒకాయన అడిగాడు, మీలో మామా మేనకోడలు పెళ్లి చేసుకుంటారట కదా అని.

చాచా తల తిప్పి నాన్న ముఖంలోకి చూశాడు.

"అరే రామ్ రామ్!" అన్నాడు నాన్న, రెండు చెవులూ పట్టుకుని. "వో సబ్ గాఁవ్ మే హోతా థా సాబ్. యహాఁ ఆకర్ హమ్‌నే సబ్ ఛోడ్ దియా."

అదంతా ఊళ్లో ఉండేది, ఇక్కడికొచ్చి అంతా వదిలేశాం అని. ఆయన అలా అంటున్నప్పుడు ఆయన మేనకోడలే టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. అమ్మ ముఖంలో ఏమీ కనబడలేదు. గ్లాసులు పెట్టి లోపలికెళ్లి, పెరటి తలుపు తీసుకుని, వెనక సందులోంచి పక్క తెలుగింటికి పోయింది. "ఇలగ అడుగుతున్నారు, ఇలగ సెప్పండి" అని చెప్పింది. ఆ ఇంటావిడ తర్వాతింటికి పోయింది. చదువుకున్నవాళ్లు ముందు వీధిలో ఇంటి తర్వాత ఇల్లు దిగుతుంటే, మావాళ్ల కబురు వెనక సందులో వాళ్లకంటే ముందు పోతోంది. జవాబులన్నీ ఒకేలా ఉండవూ మరి?

అంటే ఆ లావుపాటి పుస్తకంలో వాక్యం మా నాన్నది. మా వరండాలో పుట్టింది. చాచా ఎదురుగా కూర్చున్నందుకు పుట్టింది. ఆ రోజు వచ్చిన ఇద్దరిలో మా గైడు గారు ఒకరా అని మీరడగొచ్చు. నాకూ అనిపించింది. కానీ ముఖాలు గుర్తులేవు. రూఢిగా తెలియనిది రాయను. ఆ పాఠం నేర్చుకున్నదే అక్కడ కదా.

ఆ రోజునుంచి ఏ పుస్తకం తెరిచినా అది ఏం చెప్పిందన్నది తర్వాత. ఎవర్ని అడిగారు, ఏ భాషలో అడిగారు, అడిగినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారు, నిజం చెప్తే ఆ చెప్పినవాళ్లకి ఏం పోతుంది, ముందు ఇవే చూస్తాను. నన్నెవరైనా అనుమానం పక్షి అంటే అననీ.

ఇక నా పని నేను మొదలుపెట్టాను. తెలుగిళ్లకి తెలుగులో వెళ్లాను. వరండాలో కాదు, వంటింట్లో కూర్చున్నాను. మధ్యాహ్నాలు, మగవాళ్లు డ్యూటీలో ఉన్నప్పుడు. "మీలో మేనరికాలున్నాయా" అని ఎవర్నీ అడగలేదు. ఆ ప్రశ్న వింటేనే బిగుసుకుపోతారని నాకంటే బాగా ఎవరికి తెలుసు? "పెళ్లికి ముందు మీ ఆయన్ని ఏమని పిలిచేవారు?" అని అడిగేదాన్ని. ఎంత గంభీరమైన ఆవిడైనా ఆ ప్రశ్నకి కొంగు నోటికడ్డం పెట్టుకోవాల్సిందే. "బావా అనేదాన్ని." "సిన్నమావ అనేదాన్ని, జడ లాగి పారిపోయేవోడు." ఇంక ఆపక్కర్లేదు, వాళ్లే చెప్పుకుపోయేవారు. పేరు బయటపెట్టనని ఒక్కొక్కరికీ మాటిచ్చాను.

మావాళ్లయినంత మాత్రాన అందరూ నిజమే చెప్పారనుకోకండి. తెలుగువాళ్ల సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. "మన సంస్కృతి ఇసుమంతైనా చెదరలేదమ్మా, ఒక్క ఇల్లు కూడా మేనరికం తప్పలేదు, రాసుకో" అని బల్ల గుద్ది చెప్పారు. నాకు పండగలా ఉంది, గైడుకి తగిన జవాబు దొరికిందని. మంచినీళ్లకి లోపలికెళ్తే ఆయన కోడలు మాట కలిపింది. ఆవిడది భిలాయి, ఆ ఇంటికీ వాళ్లింటికీ ఏ చుట్టరికమూ లేదు. సంబంధం కుదిర్చింది ఎవరో స్టీలు ప్లాంటు స్నేహితులట. నాకు అనుకూలమైన మాటే అయినా పెద్దాయన మాట పక్కన పెట్టాల్సి వచ్చింది. పెట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, ఎందుకు దాచాలి?

ఊరి చివర భన్‌పురిలో ఫ్యాక్టరీ పనులకొచ్చిన తెలంగాణ కుటుంబాలుండేవి. అక్కడ ఒకావిడ, "మా ఇండ్లల్ల మేనబావకు ఇస్తరు బిడ్డా, మేనమామకు ఇయ్యరు. ఇప్పుడైతే అది గూడ తగ్గింది, పోరగాళ్లు ఒక్క తాన ఉంటున్నరా?" అంది. ఆ మాట నాకు పనికొచ్చింది. మొత్తం మీద తేలిందేమిటంటే మేనరికాలు తగ్గిన మాట నిజం. బదిలీలు, దూరాలు, ఉద్యోగాల వల్ల తగ్గాయి. పోయిన మాట మాత్రం అబద్ధం. దాచుకున్నారంతే. నేను అదే రాశాను, అటు గైడుకీ ఇటు సంఘం పెద్దాయనకీ ఇద్దరికీ మింగుడుపడకుండా.

"స్థానిక సమాజ ప్రభావం" అన్న ముక్క సంగతి నా క్లాస్‌మేట్ తేల్చేసింది. ధమ్‌తరీ వైపు నుంచి వచ్చిన గోండు అమ్మాయి. నేను చిరాగ్గా కాగితాలు విసిరికొడుతుంటే ఏమిటని అడిగింది. చెప్పాను, నెమ్మదిగా, సిగ్గుపడుతూ. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది.

"హమర్ ఇహాఁ ఏలా దూధ్ లౌటానా కహిథేఁ!"

మా దగ్గర దీన్ని పాలు తిరిగివ్వడం అంటాం అని. ఒక ఇంటి ఆడపిల్ల పాలు ఇంకో ఇంటికెళ్తే, ఆమె బిడ్డని తిరిగి పుట్టింటికి కోడలిగా ఇచ్చి పాలు తిరిగిస్తారట. మేనత్త మేనమామ పిల్లలకి చేస్తారట. "మీ సార్ స్థానికులంటే ఎవరనుకున్నాడు? మేం స్థానికులం కామా?" అని హిందీలో అడిగింది. మా కంటే, మా గైడు కంటే, అందరికంటే ముందునుంచి ఉన్నది వాళ్లు. వాళ్ల ప్రభావం పడితే మేం మేనరికం ఎందుకు మానేస్తాం? ఇద్దరం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం. పుట్టి ఇన్నేళ్లకి ఇంటి బయట ఒక మనిషికి మా చుట్టరికం చెప్పాను, ఆకాశం ఊడిపడలేదు.

గైడు గారు నా మూడో అధ్యాయం చదివి పిలిపించారు. కాగితాల కట్ట బల్ల మీద నా వైపు తోశారు.

"ఈ అధ్యాయం తీసెయ్యి."

"ఎందుకు సార్?"

"ఎవరు చెప్పారు ఇదంతా? ఒక్క పేరు లేదు. పేరు లేని ఆధారం ఆధారం కాదు."

"పేర్లు చెప్పనని మాటిచ్చాను సార్."

"అయితే నీ దగ్గర ఏమీ లేదు." ఆయన గొంతు మెత్తగా మారింది. "చూడు, నువ్వు తెలివైనదానివి. ఇది తీసేస్తే ఫస్ట్ క్లాస్ వస్తుంది. వచ్చే ఏడు ఇక్కడే పాఠాలు చెప్పడానికి నీ పేరు పంపుతాను. ఉంచితే మాత్రం వైవాలో బయటి పరీక్షకుడి ముందు నేనే అడుగుతాను, ఒక్క కుటుంబం చూపించమని. అప్పుడు నీ దారి నీది."

నాకు ఆ ఉద్యోగం కావాలి. గొప్పలు పోను, చాలా కావాలి. మా తెలుగిళ్లలో ఎమ్మే దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. కాలేజీలో లెక్చరర్ అంటే అమ్మ కళ్లలో ఏం మెరిసేదో నాకు తెలుసు. ఆ కట్ట చంకలో పెట్టుకుని సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను, తొక్కే ఓపిక లేక. ఇచ్చిన మాట తప్పకుండా నేను చూపించగల కుటుంబం ఒక్కటే ఉంది. దాన్ని చూపించాలంటే నాన్నని అడగాలి.

నాన్న అప్పుడే డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెప్పాను. చెంబు కింద పెట్టేశాడు.

"వద్దు. ఈ లఫ్డా మనకెందుకే? రేపు షాపులో నా ఇజ్జత్ ఏటవుతాది? నీ డిగ్రీ కోసం నన్ను బజార్న నిలబెడతావేటి?"

"నువ్వు లేవని పుస్తకంలో రాశారు నాన్నా. నీ పెళ్లే జరగలేదని రాశారు. నీకు కోపం రాదా?"

"ఎందుకొస్తాది? నాను సెప్పిందే గదా ఆయన రాసుకున్నాడు. ఆయన తప్పేటుంది?"

నాన్న తువ్వాలు దులుపుకుని లోపలికెళ్లిపోయాడు.

ఆయన ప్రశ్నకి జవాబు మర్నాడు పొద్దున్న అమ్మ చెప్పింది. ఎసట్లో బియ్యం పోస్తూ, నా వైపు చూడకుండా, నాన్నకి వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఆ రోజు ఆ బాబులొచ్చి పెళ్లి గురించి అడిగినారు. ఎవుల్ని అడిగినారు? ఈయన్ని. పెళ్లి ఈయనొక్కడే సేసుకున్నాడేటి? నాను టీ ఇచ్చి లోనకెల్లిపోవాల. ఇన్నేళ్లూ మావని మావా అనడానికి తలుపేసుకోవాల. దొంగతనం సేసినానేటి నాను? మా అమ్మ, మా తాత, అందరూ కూకుని సేసిన పెళ్లి." మూత గిన్నె మీద ఠంగుమని పెట్టింది. "నన్ను ఇప్పటిదాకా ఎవుల్లూ అడగలేదు. నువ్వడిగినావు. నా పెళ్లి, నాను సెప్తున్నాను. రాసుకో."

నాన్న ముందు గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పలేదు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

వైవా రోజు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద సమోసాల పళ్లెం. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, ముసలాయన, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. గైడు గారు అన్నంత పనీ చేశారు. మూడో అధ్యాయం తెరిచి, "ఈ అమ్మాయి ఇప్పటివరకూ వచ్చిన పరిశోధనంతా తప్పంటోంది. పేరు చెప్పగలిగిన ఒక్క కుటుంబం కూడా లేదు" అన్నారు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఉంది సార్. మా నాన్న మా అమ్మకి మేనమామ. ఆయన ఇక్కడే పుట్టాడు, గుఢియారీలో ఉంటాడు, రైల్వేలో పనిచేస్తాడు. ఇది చెప్పింది మా అమ్మ. చెప్పడానికి ఒప్పుకున్నదీ ఆవిడే. రాసుకోండి."

సమోసా పట్టుకున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది. గైడు గారి ముఖంలోకి నేను సూటిగా చూశాను. ఆ ముఖంలో కనబడింది కోపం కాదు. మా నాన్న జన్మలో మర్చిపోలేని ఆ ఛీ, అదే. ఏళ్ల తరబడి మా గురించి పుస్తకాలు రాసిన మనిషి ముఖంలో అది చూశాక నాలో ఉన్న కాస్త బెరుకూ పోయింది.

ముసలాయన అడిగాడు. "అప్పుడు సర్వేకి వచ్చినప్పుడు మీ నాన్న ఏం చెప్పాడు?"

"అబద్ధం చెప్పాడు సార్. పక్కింటాయన ఎదురుగా కూర్చున్నాడు. అందుకని."

"ఒక్క కుటుంబంతో ఏం రుజువవుతుంది?" అన్నారు గైడు గారు.

"నా మాటంతా రుజువు కాదు సార్. మీ వాక్యంలో 'పూర్తిగా' అన్న మాట కొట్టెయ్యడానికి మాత్రం ఒక్క కుటుంబం చాలు."

ముసలాయన గడియారం చూసుకోవడం మానేశాడు. ఇంకా చాలా అడిగాడు, ఎలా అడిగాను, ఎవర్ని నమ్మలేదు, సంఘం పెద్దాయన మాట ఎందుకు తీసేశాను అని. అన్నీ చెప్పాను. చివర్లో ఆయన తలూపాడు గానీ మార్కులు ఆయనొక్కడి చేతిలో లేవు. నాకు సెకండ్ క్లాస్ వచ్చింది. కాలేజీ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. నేను బళ్లో పంతులమ్మనయ్యాను, ఇప్పటికీ అదే. నల్ల పుస్తకం తర్వాత మళ్లీ అచ్చయింది. లైబ్రరీకెళ్లి చూశాను, 'పూర్తిగా' అన్న మాట చెక్కుచెదరకుండా అలాగే ఉంది. నా వ్యాసమూ అదే లైబ్రరీలో, అడుగు అరలో ఉంది. మూడో అధ్యాయం దాంట్లోనే ఉంది. చదివేవాళ్లు చదువుకుంటారు. నేను తీసెయ్యలేదు, అంతే.

వైవాలో చెప్పిన మాట గుఢియారీ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. కాలేజీ ప్యూను ఒకడు మా వెనక వీధిలో ఉండేవాడు. చాచీ మా ఇంటికి రావడం మానేసింది. కుళాయి దగ్గర అమ్మ ఎదురైతే బిందె పక్కకి జరుపుకునేది. అమ్మ మాత్రం రోజూ అదే వేళకి బిందె తీసుకుని వెళ్లేది, తల ఎత్తుకునే వెళ్లేది. నాన్న షాపు నుంచి వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. అక్కడేం జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం ఆ ఒక్కచోట చాలలేదు.

ఆ వేసవిలో అమ్మమ్మ వచ్చింది. నాన్నే స్టేషన్‌కి వెళ్లి రిక్షాలో తీసుకొచ్చాడు. రిక్షా మా ఇంటి ముందు ఆగేసరికి సాయంకాలం, వీధి వీధంతా బయటే ఉంది. చాచా మంచం మీద, చాచీ వాళ్ల మెట్టు మీద. నేనూ అమ్మా గుమ్మంలో ఉన్నాం. నాన్న ముందు దిగాడు. చుట్టూ ఒకసారి చూశాడు. ఇప్పుడు 'మాజీ' అంటాడని నేను పళ్లు బిగించాను.

"అక్కా, సూసుకు దిగు" అన్నాడు. మెల్లిగా కాదు, ప్లాట్‌ఫాం ఆ చివర ఉన్న మనిషిని పిలిచినట్టు అన్నాడు.

చాచీ నోరు దానంతటదే తెరుచుకుంది. అక్క అంటే ఏమిటో ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో ఆవిడకీ తెలిసిపోయింది. "దీదీ?"

"హాఁ భాభీ. మేరీ సగీ బహన్ హై" అన్నాడు నాన్న, నా తోడబుట్టినదని. అని, ఒక్క క్షణం ఆగి, "ఔర్ సాస్ భీ" అన్నాడు, అత్తగారు కూడానని. చాచా మంచం మీంచి లేవలేదు. చాచీ మెట్టు దిగి రాలేదు, అలాగని లోపలికీ పోలేదు. అమ్మ నా భుజం పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

రిక్షాలో అమ్మమ్మ మూట ఒళ్లో పెట్టుకుని తమ్ముడి ముఖంలోకి వింతగా చూసింది.

"మరా మాజీ ఏటైపోనాదిరా?"

నాన్న ఆవిడ చేతిలో మూట అందుకున్నాడు. రెండో చెయ్యి ఆవిడకి అందించి, గొంతు పిసరంతైనా తగ్గించకుండా మళ్లీ అన్నాడు.

"దిగక్కా."